ఫ్యూజు పోని ఇరవై మూడు రోజులు

మాచర్ల,
10 ఫిబ్రవరి 2025

తమ్ముడు యాకూబ్‌కు ఆపా సయీదా దువాలు.

నీకు చెవులు పూర్తిగా పోయాయి కాబట్టి ఫోన్ చేసి లాభం లేదు. మెసేజ్ పెడితే నీ కూతురు సాదియా చదివి, అందులో సగం తనకు తోచినట్టు సైగ చేస్తుంది, నాకు సగం జవాబు వస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే రాయి.

మీ బావగారికి నవంబరులో గుంటూరు డాక్టరు ఆక్సిజన్ మిషన్ రాసిచ్చాడని నీకు తెలుసు. ముప్పై ఏళ్లు బండల పాలిషింగ్ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, ఇక వాటంతట అవి పనిచేయవన్నాడు. రాత్రీ పగలూ మిషన్ నడవాలి. ఆయన కుర్చీలో కూర్చుని, తక్కువ మాట్లాడి, లేవకుండా గడుపుతారు.

మిషన్ వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఫ్యూజు పోతోంది. నవంబరులో రెండుసార్లు, డిసెంబరులో మూడు, జనవరిలో ఆరు, ఈ నెల పది రోజుల్లో నాలుగు. మొత్తం పదిహేను. తేదీ, టైము, ఆ సమయానికి ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి, అన్నీ నోటుబుక్కులో రాసి పెట్టాను. ప్రతిసారీ నేనే స్టూలెక్కి, పింగాణీ ఫ్యూజు పీకి, కొత్త తీగ చుట్టి పెడుతున్నాను. డెబ్బై రెండేళ్లకు స్టూలెక్కడం ఏమంత బాగాలేదు. ఆ పనికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు మీ బావగారికి చిన్న సిలిండరు తగిలించాలి. రెండూ ఒకేసారి చేయాలంటే నాకున్నవి రెండు చేతులే.

వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ యేసుపాదాన్ని పిలిచాను. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. ఫ్యూజు పాఠం వచ్చిన సైన్సు పరీక్షలో నూటికి పదకొండు తెచ్చుకున్నాడు. గుమ్మంలో నిలబడే "బోర్డు మొత్తం మార్చాల టీచరమ్మా, ఇది మీ పెళ్లినాటిది" అన్నాడు. నా పెళ్లి 1974లో అయింది. బోర్డు 1991లో పెట్టింది. చూడకుండా చెప్పేవాడి మాట నేనెలా నమ్మను? ఆ బోర్డు పెట్టింది నువ్వు కాబట్టి నువ్వే చెప్పు. మార్చాలా, అక్కర్లేదా? అక్కర్లేకపోతే ఎందుకు పోతోంది?

మా అబ్బాయి రఫీక్ ఎండలు ముదిరేలోపు ఏసీ పెట్టిస్తానని పట్టుబట్టాడు. దాని సంగతి కూడా రాయి.

నువ్వు మా ఇంటికి వచ్చి రెండేళ్ల నాలుగు నెలలు.

ఆపా
సయీదా


నకరికల్లు,
17 ఫిబ్రవరి 2025

ఆపాకు యాకూబ్ సలాం.

నీ ఉత్తరం సాదియా నాకంటే ముందు చదివింది. "ఏంది నాన్నా, ఫుప్పు ఉత్తరం రాసిద్దా, హాజరు పిలిచిద్దా" అని పలక మీద రాసి చూపించింది. నేను కూడా నవ్వాను. కానీ పదిహేను సార్లంటే నవ్వే సంగతి కాదు.

నేను రాలేను. మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనీయడం లేదు. కాబట్టి నా కళ్లు, చెవులు నువ్వే. ఫ్రిజ్ మోటారు మొదలయినప్పుడు ట్యూబులైటు వెలుగు ఒక్కసారి పడి లేస్తుందా? ఇస్త్రీ పెట్టె పెడితే ఫాను మెల్లగవుతుందా? మధ్యాహ్నం అన్నీ నడుస్తున్నప్పుడు బోర్డు చెక్క మీద చెయ్యి ఆనించి చూడు. అరచెయ్యి పెట్టొద్దు, చేతి వెనక వైపు ఆనించు. కరెంటు తగిలితే అరచెయ్యి ముడుచుకుని పట్టేసుకుంటుంది, వెనక వైపయితే విదిలించి కొడుతుంది. ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా బతికింది ఆ ఒక్క అలవాటుతోనే. చెక్క వెచ్చగా ఉందా, ఎక్కడ? గుయ్యిమని చప్పుడేమైనా వస్తుందా? స్విచ్చులు రంగు మారాయా? కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటుందా? ఏదైనా కొత్త వాసన ఉందా?

1991లో మీ ఇంట్లో నాలుగు బల్బులు, ఒక ట్యూబులైటు, రెండు ఫాన్లు, శుక్రవారం ఒక ఇస్త్రీ పెట్టె. దానికి సరిపడా అల్యూమినియం తీగ లాగాను. ఇప్పుడు ఆ తీగ మీద ఏమేం బతుకుతున్నాయో రాయి. ఒక్కటి కూడా దాచొద్దు.

రఫీక్‌తో చెప్పు, ఏసీ మాట బోర్డు మాట తేలాకే అని.

యాకూబ్


మాచర్ల,
12 మార్చి 2025

తమ్ముడికి దువాలు.

నువ్వడిగినవన్నీ వరసగా మూడు రోజులు చూసి రాస్తున్నాను. ఆలస్యానికి కారణం రంజాన్. తెల్లారకముందే సహరీకి లేవడం, ఇఫ్తార్ దాకా నిలబడడం, మధ్యలో మీ బావగారి పనులు. ఈసారి డాక్టరు ఆయనను రోజా ఉపవాసాలు ఉండనివ్వలేదు. అందుకు రోజూ చిన్నబుచ్చుకుని, మా ముందు మంచినీళ్లు కూడా తాగరు.

ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా ట్యూబులైటు పడి లేస్తోంది. ఇస్త్రీ పెట్టె పెడితే ఫాను మెల్లగవుతోంది. బోర్డుకు ఎడమవైపు కింది మూల వెచ్చగా ఉంది, కుడివైపు చల్లగా ఉంది. చప్పుడు లేదు. రెండు స్విచ్చులు గోధుమరంగుకు తిరిగాయి, పాతబడి కావచ్చు. మోటారు నడిచేటప్పుడు కుళాయి ముట్టుకుంటే కోడలు ఫర్హీన్‌కు జిల్లుమంటోందట. నాకు అనిపించలేదు. నేను రబ్బరు చెప్పులు వేసుకుంటాను, ఆమె వేసుకోదు.

ఇంట్లో ఉన్నవి: ఫ్రిజ్, వాషింగ్ మిషన్, మిక్సీ, గీజరు, బోరు మోటారు, ఇస్త్రీ పెట్టె, కూలరు, టీవీ, ఐదు ఫాన్లు, మేడమీద ఫర్హీన్ కుట్టుమిషన్లు మూడు, మూడింటికీ మోటార్లు, ఆపైన ఆక్సిజన్ మిషన్. గోడకు ప్లగ్గులు ఆరే ఉన్నాయి. మిగతావన్నీ ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద నడుస్తున్నాయి. మనవరాలు ఇరమ్ చదువుకునే దీపమైతే ఒక ఎక్స్‌టెన్షన్‌కు తగిలించిన ఇంకో ఎక్స్‌టెన్షన్ మీద వెలుగుతోంది. రాస్తుంటే నాకే సిగ్గేసింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడు ఇది ఒక్కటే కదా అనుకున్నాం.

వాసన నాకేమీ తెలియలేదు. ఫర్హీన్ మాత్రం మెట్ల దగ్గర, బోర్డు ఉన్న చోట, చేపల కంపు వస్తోందంటుంది. రంజాన్ మొదలయ్యాక ఇంట్లో చేప వండలేదు. "పక్కింట్లో వండి ఉంటారే" అన్నాను. "కాదు అత్తమ్మా, పక్కింట్లో వండితే పొద్దుగూకులూ రావాలగా, గీజరేసినప్పుడే వచ్చిద్ది" అంటుంది. ఆ పిల్లకు ఊహలెక్కువ.

ఈ పది రోజుల్లో ఏడుసార్లు సరిగ్గా ఇఫ్తార్ వేళకే ఫ్యూజు పోయింది. షర్బతుకు మిక్సీ, నమాజుకు ముందు వజూ నీళ్లకు మోటారు, అన్ని గదుల్లో లైట్లు. అజాన్ వినపడుతుంది, ఖర్జూరం చేతిలో ఉంటుంది, ఇల్లు చీకటవుతుంది. అందరూ ఫోను వెలుగులో తింటారు. నేను స్టూలెక్కుతాను.

అలసిపోయాను యాకూబ్. ఈ ముక్క నోటుబుక్కులో లేదు.

ఆపా


నకరికల్లు,
17 మార్చి 2025

ఆపాకు సలాం.

ఫర్హీన్‌కి ఊహలు కాదు, మంచి ముక్కు ఉంది. ఇంట్లో చేప లేకుండా చేపల కంపు కొడితే బోర్డు లోపల ఏదో కాలుతున్నట్టు. స్విచ్చుల్లో ఉండే ఆ గట్టి ప్లాస్టిక్ వేడెక్కితే అట్లాగే కంపు కొడుతుంది. వెచ్చటి మూల, రంగు మారిన స్విచ్చులు, పడి లేచే లైటు, జిల్లుమనే కుళాయి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. నువ్వు పదకొండు మార్కులేసిన పిల్లోడే కరెక్టుగా చెప్పాడు. బోర్డు మొత్తం మార్చాలి. లోపలి తీగలు కూడా మార్చాలి.

కరెంటాఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టించు. మెయిన్ దగ్గర్నుంచి రాగి తీగ లాగించు. చెక్క తీసేసి, తనంతట తాను పడిపోయే స్విచ్చులున్న కొత్త బాక్సు పెట్టించు. కొత్తగా ఎర్త్ గుంత తవ్వించు. బావగారి మిషన్‌కు విడిగా ఒక లైను ఉండాలి, మిక్సీ తప్పుకు ఆయనకు శిక్ష పడకూడదు. అప్పటిదాకా గీజరు ముట్టుకోవద్దు, ఏసీ తేవద్దు.

ఫ్యూజు పోయినందుకు విసుక్కోకు. పోయిన ప్రతిసారీ అది తన పని చేసి పోతోంది. దాన్ని పోనీ.

యాకూబ్


మాచర్ల,
14 ఏప్రిల్ 2025

తమ్ముడికి దువాలు. ఈద్ బాగా జరిగింది. మీ అందరికీ ముబారక్.

నీ ఉత్తరం చూసి యేసుపాదాన్ని మళ్లీ పిలిచాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మెయిన్ ఆపాలన్నాడు. ఎనిమిది గంటలు. చిన్న సిలిండరు రెండు గంటలకు మించి రాదు. ఈద్ తర్వాత చూద్దామని పంపించేశాను.

ఇప్పుడు ఆ అవసరం లేదనిపిస్తోంది. మార్చి ఇరవై మూడు నుంచి ఈరోజు వరకు ఇరవై మూడు రోజులు, ఫ్యూజు ఒక్కసారి కూడా పోలేదు. నోటుబుక్కులో ఇరవై మూడు సున్నాలు. ఈద్ రోజు ఇంట్లో ఇరవై ఇద్దరు ఉన్నారు, అన్నీ నడిచాయి, పోలేదు. మూడో తేదీన రఫీక్ ఏసీ తెచ్చి మీ బావగారి గదిలో పెట్టించాడు. అప్పుడూ పోలేదు. కాబట్టి దోషం బోర్డుది కాదు. నేను తీగ సరిగ్గా బిగించేదాన్ని కాదేమో, ఈసారి జాగ్రత్తగా బిగించాను.

మీ బావగారు మధ్యాహ్నం నిద్రపోతున్నారు. నేను కూడా రోజుకు ఒక గంట పడుకుంటున్నాను. నవంబరు తర్వాత ఇదే మొదటిసారి.

నువ్వు ఊరకే కంగారుపడి నన్ను కంగారుపెట్టావు. మోకాళ్లకు నూనె రాసుకో.

ఆపా


నకరికల్లు,
18 ఏప్రిల్ 2025

ఆపా,

ఏం తీగ పెట్టావు?

సాదియాతో ఫోన్ చేయించాను. అంతా బాగుంది, ఉత్తరం రాస్తానని పెట్టేశావట. ఏసీ, గీజరు, మూడు కుట్టుమిషన్లు, ఇంటినిండా చుట్టాలు, దానికీ పోని ఫ్యూజు ఈ లోకంలో లేదు. పదిహేను సార్లకు నేను భయపడలేదు. ఈ సున్నాలకు భయపడుతున్నాను.

ఏం తీగ పెట్టావో ఒక్క ముక్క రాయి.

యాకూబ్


మాచర్ల,
23 ఏప్రిల్ 2025

యాకూబ్‌కు,

రాగి తీగ. మూడు పోగులు. ఫర్హీన్ మిషన్ పాత వైరు ఒలిచి తీశాను.

ఈ పని నాకు నేర్పింది నువ్వే. 1998లో అమ్మ మా ఇంట్లో పోయిన రోజు, ఇంటినిండా జనం, అద్దె ఫాన్లు, గంటకోసారి ఫ్యూజు పోతుంటే, నువ్వు జేబులోంచి రాగి తీగ తీసి మూడు పోగులు మెలిపెట్టి బిగించి, "ఇంక పోదులే ఆపా, నువ్వు బోయి అమ్మ దగ్గర కూర్చో" అన్నావు. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక నేనే దాన్ని తీసి మామూలు తీగ పెట్టాను. నువ్వు తీయలేదు.

నన్ను తెలియనిదాన్ని అనుకోవద్దు. ముప్పై ఏళ్లు ఎనిమిదో తరగతికి ఆ పాఠం చెప్పాను. ఇంట్లోని తీగలన్నింటికంటే ఫ్యూజు తీగ బలహీనంగా ఉండాలి, ముందు తానే తెగాలి, అప్పుడే గోడలో తీగ బతుకుతుంది. తెలుసు. తెలిసే పెట్టాను.

మార్చి ఇరవై రెండు సాయంత్రం ఆరూ ఇరవై ఎనిమిదికి ఫ్యూజు పోయింది. సిలిండరు మర తిప్పే ఇనుప తాళం ఎప్పుడూ మేకుకు వేలాడుతుంది, ఆ రోజు అక్కడ లేదు. తన గ్యారేజీలో ఏదో బోల్టుకు సరిపోతుందని రఫీక్ పట్టుకెళ్లాడు. అందరం వెతికాం. దొరక్క నేను స్టూలెక్కాను. తీగ రెండుసార్లు జారింది. తొమ్మిది నిమిషాలు. వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ అరవై ఎనిమిది చూపించింది. తొంభై దగ్గర ఉండే మనిషి. ఆయన నన్ను పిలవలేదు, పిలవడానికి గాలి లేదు. మిషన్ నడిచాక నేను మంచం పక్కకు వెళితే నా చెంగు పట్టుకున్నారు. గంటసేపు వదల్లేదు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

మర్నాడు పొద్దున పెట్టాను ఆ తీగ. ఎప్పుడో కాలితే కాలవచ్చు అనేది ఒకటి, ఈ సాయంత్రం ఊపిరి ఆగుతుంది అనేది ఒకటి. నేను రెండోదానికి భయపడ్డాను. నువ్వైతే ఏం చేసేవాడివో రాయి.

నీకు అబద్ధం రాసినందుకు మాత్రం క్షమించు.

సయీదా


నకరికల్లు,
27 ఏప్రిల్ 2025

ఆపా,

ఇది పోస్టులో వేయడం లేదు. పొద్దున మాచర్ల బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. సాదియా నోట చెప్పించగలిగిన సంగతి కాదు.

ఇదే పని నేను నా పరిధిలో ఉన్న ఒక ఊళ్లో 2009లో చేశాను. రాఘవమ్మ అని, భర్త లేడు, ఇంటి వసారాలో చిన్న కారంమర నడిపేది. మిరపకాయల కాలం. రోజుకు మూడుసార్లు ఫ్యూజు పోయేది. నేను సైకిలేసుకుని పోవడం, తీగ చుట్టడం. ఒకరోజు ఆమె నా చొక్కా పట్టుకుంది. "ఏందయ్యా యాకూబూ, జనం కాయలు మూటగట్టుకుని పక్కూరి మరకి పోతన్నారు, చానా బాగుందయ్యా నీ కరెంటు" అని. మజ్జిగ కూడా ఇచ్చింది. నాకు కూడా విసుగ్గా ఉంది. జేబులోంచి రాగి పోగులు తీసి బిగించాను. ఇంక పోదు పోవమ్మా అన్నాను. నీకు అన్న మాటే.

రెండు నెలలు ఒక్క కంప్లయింటు లేదు. ఎదురుపడితే నవ్వేది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం నడిమింట్లో పడుకుంది. మర నడుస్తూనే ఉంది, కూలికి పెట్టుకున్న అమ్మాయి బయట ఉంది. గోడలో తీగ కాలి పైకప్పు అంటుకుంది. ఫ్యూజు తెగలేదు. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది.

షార్ట్ సర్క్యూట్ అని రాశారు. పంచనామాకు కరెంటు మనిషి కావాలని నన్నే పిలిచారు. కాలిన బోర్డులోంచి ఆ ఫ్యూజు పీకి నా జేబులో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, పోయిన మీ మరదలికి కూడా.

నా మోకాళ్లు బాగానే ఉన్నాయి ఆపా. రెండేళ్ల కిందట మీ ఇంటికి వచ్చినప్పుడు మెట్ల దగ్గర మీ బోర్డు కింద నిలబడ్డాను. 1998లో నేను పెట్టిన తీగ ఇంకా అందులోనే ఉందేమోనని. పీకి చూడడానికి చెయ్యి లేవలేదు. భోజనం చేసి వచ్చేశాను. మళ్లీ రాలేదు. నువ్వు దాన్ని నలభయ్యో రోజే తీసేశావని మొన్న నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

నేనైతే ఏం చేసేవాడినని అడిగావు. చేసింది చెప్పాను. ఇది చదవడం అవగానే మెయిన్ దించి ఆ మూడు పోగులు తీసెయ్. ముందు సిలిండరు తగిలించు. మిషను, ఒక ఫాను, ఒక లైటు తప్ప అన్నీ ఆపు. ఫ్యూజు పోతే పోనీ.

యాకూబ్


మాచర్ల,
6 మే 2025

తమ్ముడికి,

నీ ఉత్తరం కండక్టరు పదకొండున్నరకు తెచ్చి ఇచ్చాడు. పన్నెండు కాకముందే తీగ తీసేశాను. పదిహేను ఆంపియర్ల మామూలు తీగ పెట్టాను. పీకిన మూడు పోగులు నల్లబడి, ముట్టుకుంటే ఒకటి విరిగింది.

రాఘవమ్మ విషయం. నన్ను ఏమనమంటావు? నేను నీ అక్కను కాబట్టి పరవాలేదు అనాలని ఉంది, అనలేను. అది నేను అనాల్సిన మాట కాదు. ఆమెకు పిల్లలు ఉన్నారా? ఉంటే వాళ్లకు చెప్పాలి. నాకు చెప్పి తేలికపడితే సరిపోదు. నేను కూడా అదే తీగ పెట్టినదాన్ని, నా ఇల్లు కాలకపోవడం నా గొప్ప కాదు. అయినా ఈ మాట రాయక తప్పదు.

ఇక్కడ ఇల్లు రెండు ముక్కలయింది. నలభై నాలుగు డిగ్రీల ఎండలో నేను ఏసీ ఆపించాను. "ఏంది అమ్మీ ఇది, కొని నెలన్నా కాలా, అబ్బాజాన్ చెమటకి తడిసి ముద్దయితన్నాడు" అని రఫీక్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అతనికి తీగ సంగతి చెప్పలేదు. చెప్పకుండా అతని కోపం భరించడమే నాకు తేలికగా ఉంది. ఏ గంటకు ఏది నడవాలో కాగితం మీద రాసి గోడకు అంటించాను. గీజరు పూర్తిగా బందు. ఫర్హీన్ మిషన్లు పొద్దున మాత్రమే. ఆ పిల్ల ఒక్కతే ఎదురు చెప్పలేదు. చేపల కంపు ఆగిపోయిందని మాత్రం అంది. ఆమె ముక్కును నేను ఊహలన్నాను, ఆ మాట ఆమెతో ఒప్పుకున్నాను.

ఈ తొమ్మిది రోజుల్లో ఫ్యూజు రెండుసార్లు పోయింది. పోతే నిలబడి చూశాను, విసుగు రాలేదు. భయం వచ్చింది, అది వేరు.

లోడు అర్జీ మంజూరైంది. పదిహేనో తేదీ గురువారం యేసుపాదం వస్తాడు. పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా మెయిన్ ఆగుతుంది. పెద్ద సిలిండర్లు రెండు తెప్పిస్తున్నాను. అవి సరిపోతాయని డాక్టరు చెప్పాడు, నేనూ మూడుసార్లు లెక్క వేశాను. కానీ సిలిండరు దగ్గర ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవాలి. నేను బోర్డు దగ్గర ఉండాలి. ఆయన దగ్గరా ఉండాలి.

నువ్వు రా. బోర్డు వైపు చూడనక్కర్లేదు. బావగారి పక్కన కుర్చీలో కూర్చుని సిలిండరు మీటరు చూస్తే చాలు.

ఆపా


నకరికల్లు,
11 మే 2025

ఆపాకు సలాం.

నిన్న రాఘవమ్మ ఊరు వెళ్లాను. కాలిన చోట ఇప్పుడు స్లాబు ఇల్లు ఉంది. కూతురు శిరీష అందులోనే ఉంటోంది, ఇద్దరు పిల్లలు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. నాకు వినపడదని ముందే చెప్పి, జరిగింది మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

ఆమె పెదాలు కొంతసేపు కదిలాయి. అర్థం కాలేదు. జేబులోంచి కాగితం, పెన్ను తీసి, అమ్మా, ఏమన్నా సరే దీని మీద రాయమని ఇచ్చాను. తీసుకుంది. ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఆ కాగితం ఖాళీగానే తిరిగి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కాసేపు కూర్చున్నాను. రాలేదు. వచ్చేశాను.

పద్నాలుగో తేదీ సాయంత్రం బస్సుకు వస్తాను.

యాకూబ్


మాచర్ల,
26 మే 2025

తమ్ముడికి దువాలు.

క్షేమంగా చేరావని సాదియా ఫోన్ చేసింది. పదిహేనో తేదీ నువ్వు గదిలో కదలకుండా కూర్చున్నావు కాబట్టి మెట్ల దగ్గర జరిగింది నీకు తెలియదు. నీకు చెప్పాలంటే రాయాలి, ఆ నాలుగు రోజులూ నాకు కలం పట్టే ఓపిక లేదు.

యేసుపాదం బోర్డు ఊడదీసి, చెక్కను తిప్పి నా ముందు పెట్టాడు. వెనక ఎడమవైపు మూల అరచేతి అంత మేర బొగ్గయి ఉంది. గోరుతో గీస్తే పొడి రాలింది. గోడలోంచి లాగిన తీగకు తొడుగు మూర పొడుగున కాలిపోయి ఉంది. రఫీక్, ఫర్హీన్, ఇరమ్ అందరూ అక్కడే ఉన్నారు. అప్పుడు చెప్పాను. నెలరోజులు ఫ్యూజులో మూడు రాగి పోగులు పెట్టింది నేనే అని. రఫీక్ నా వైపు చూశాడు, ఆ తాళం తాను తీసుకెళ్లిన సంగతి గుర్తొచ్చినట్టుంది, మెట్ల మీద కూర్చుండిపోయాడు.

యేసుపాదం మాత్రం తల ఎత్తకుండా, "ఊళ్లో సగం ఇళ్లల్లో ఇదే టీచరమ్మా. తీయమంటే తిడతారు. మీరు తీశారు గందా" అన్నాడు. అతని మార్కుల గురించి ఇక మాట్లాడను.

నువ్వూ మీ బావగారూ ఎనిమిది గంటలు ఒకే గదిలో ఉన్నారు. ఒకరికి వినపడదు, ఒకరు మాట్లాడలేరు. మధ్యాహ్నం నేను తొంగి చూస్తే నువ్వు సిలిండరు మీటరును చూస్తున్నావు, ఆయన నిన్ను చూస్తున్నారు. ఇంత నెమ్మదైన మనిషి ఈ మధ్య ఎవరూ రాలేదని ఆయన సాయంత్రం అన్నారు.

కొత్త బాక్సులో పది స్విచ్చులు. ఏది దేనికో ఇరమ్ చిన్న చిన్న కాగితాల మీద రాసి అంటించింది. మిషన్‌కు విడిగా లైను ఉంది. అన్నీ వెలుగుతున్నాయి. ట్యూబులైటు పడి లేవడం లేదు.

ఇరవై రెండో తేదీ పొద్దున పదకొండు గంటలకు మెయిన్ దానంతట అదే పడిపోయింది. విడి లైను ఉన్నా దాని పైన ఉండే మెయిన్ పడితే మిషన్ కూడా ఆగుతుంది. నేను వంటింట్లోంచి పరుగెత్తాను. ఇప్పుడు స్టూలు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, వేలితో పైకి లేపితే చాలు, ఒక్క క్షణం పని. చెయ్యి దాని మీద పెట్టాను కూడా. ఎందుకు పడిందో చూడకుండా లేపబోతున్నానని అప్పుడు తెలిసింది. ముందు గదిలోకి వెళ్లి సిలిండరు తగిలించాను. తర్వాత వచ్చి, అన్నీ దించి, ఒక్కొక్కటే లేపుతూ చూశాను. వాషింగ్ మిషన్ ప్లగ్గులో నీళ్లు పడ్డాయి. దాన్ని పీకి, తుడిచి, మళ్లీ అన్నీ నడిపేసరికి ఏడు నిమిషాలు.

మధ్యలో ఒకసారి, వెతుకుతున్నది దొరక్క, అన్నీ ఒక్కసారే పైకి లేపేద్దామని మళ్లీ చెయ్యి పోయింది. గది తలుపు తెరిచే ఉంది. ఆయన పిలిచారు. "నిదానంగా చూసుకో సయీదా. నేను ఇక్కడే ఉంటాలే" అన్నారు. మాటకూ మాటకూ మధ్య ఆయన ఎంతసేపు ఆగుతారో నువ్వు చూశావు. ఆ రెండు మాటలూ పూర్తయ్యేదాకా నేను చెయ్యి దించి నిలబడ్డాను.

ఆపా
సయీదా